ముందు చెవి, తరువాత నోరు

యువజన నాయకులకు పాఠం



బడిలో పంతులుగారి చేతిలో మార్కులున్నాయి. కంపెనీలో మేనేజరు చేతిలో జీతముంది. ఇంట్లో తండ్రి మాటకు బలం ఉంది, ఆయన పెట్టే అన్నానికీ బలం ఉంది. మరి విచారణ యువజన సంఘానికి నాయకుడిగానో నాయకురాలిగానో ఉన్న మీ చేతిలో ఏముంది? మీకు జీతం లేదు. మీ మాట వినకపోతే మీరు ఎవరికీ మార్కులు తగ్గించలేరు. ఆదివారం దివ్యపూజ తరువాత మీ సమావేశానికి రావాలో, క్రికెట్ ఆటకు పోవాలో ఆ కుర్రవాడి ఇష్టం. మీ దగ్గర ఉన్న పనిముట్టు ఒక్కటే, అది మాట.

అందుకే మాట్లాడే నేర్పు నాయకునికి అలంకారం కాదు, అవసరం. అయితే ఈ నేర్పు అనగానే చాలామందికి మైకు గుర్తుకు వస్తుంది. గొంతు పెద్దదై ఉండాలి, వాక్యాలు వరుసగా రావాలి, చప్పట్లు మోగాలి. అది ఉపన్యాస కళ. మంచిదే, కాదనడం లేదు. కాని మీ సంఘంలో ఇరవై మంది ఉంటే, ఆ ఇరవై మంది మిమ్ములను గుర్తుంచుకునేది మీ ఉపన్యాసాన్ని బట్టి కాదు. ‘అన్న నా మాట విన్నాడు’, ‘అక్కకు నా బాధ అర్థమైంది’ అన్న అనుభవాన్ని బట్టి. విన్నవాని మాటనే ఎదుటివారు వింటారు. ఈ పాఠమంతా ఆ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది.

1. ఎమ్మావు బాట

లూకా సువార్త 24వ అధ్యాయం 13 నుండి 35 వరకు గల వచనాలను ఈ వారం నెమ్మదిగా చదవండి. ఇద్దరు శిష్యులు యెరూషలేమును విడిచి ఎమ్మావుకు పోతున్నారు. సుమారు పదకొండు కిలోమీటర్ల నడక. ఆశలు పెట్టుకున్న గురువు సిలువపై మరణించాడు. ఇక చేసేదేముందని తిరుగుముఖం పట్టారు. అంటే వారు నడుస్తున్నది సంఘానికి దూరంగా! ఉత్థాన క్రీస్తు వారిని ఆపి ‘వెనక్కి తిరగండి’ అనలేదు. వారితోపాటే, వారు పోతున్న దిక్కుగానే నడిచాడు.

తరువాత ఏం చేశాడు? ఏం మాట్లాడుకుంటున్నారని అడిగాడు. జరిగినదంతా ఆయనకు తెలియదా? తెలుసు, జరిగింది ఆయనకే కదా! అయినా వారి నోట వినదలచాడు. వారు చెప్పినదంతా విన్నాడు. వారి నిరాశను, స్త్రీల మాటలు నమ్మలేకపోవడాన్ని కూడా మధ్యలో అడ్డుపడకుండా విన్నాడు. ఆ తరువాతనే లేఖనాలు విప్పి చెప్పాడు. అప్పుడు మందలింపు కూడా ఉంది. కాని అది విన్న తరువాతి మందలింపు.

ఊరు దగ్గరపడినపుడు ఇంకా ముందుకు పోతున్నట్లు నడిచాడు. తనను తాను వారిపై రుద్దలేదు. వారు బతిమాలితేనే ఆగాడు, భోజనానికి కూర్చున్నాడు. రొట్టె విరిచినపుడు వారి కన్నులు తెరుచుకున్నాయి. ఆ గడియలోనే వారు లేచి యెరూషలేముకు తిరిగి వెళ్లారు. వెళ్లమని ఆయన ఆజ్ఞాపించలేదు. వారంతట వారే వెళ్లారు.

కలిసి నడవడం, అడగడం, వినడం, చెప్పడం, స్వేచ్ఛనివ్వడం. వరుస గమనించండి. చెప్పడం నాలుగవది! మనలో చాలామంది నాలుగవ మెట్టు నుండి మొదలుపెట్టి, కిందపడిన తరువాత యువతను నిందిస్తుంటాం. 2018 అక్టోబరులో యువతను గురించి రోములో జరిగిన పీఠాధిపతుల సినడు ఈ ఎమ్మావు ఘట్టాన్నే తన ఆలోచనకు ఆధారం చేసుకుంది. మరుసటి ఏడు, 2019 మార్చి 25న, నాటి జగద్గురువులు ఫ్రాన్సిస్ పోపుగారు యువతకోసం వ్రాసిన ‘క్రిస్తుస్ వీవిత్’ ప్రబోధంలో కూడా ఈ ఘట్టం ఉంది.

2. ‘నీకు ఈల వేయడం వచ్చా?’

యువత గురువులలో పునీత డాన్ బోస్కో గారిని తలచుకోకుండా ఉండలేం. 1841 డిసెంబరు 8. ఇటలీ దేశపు తూరిను నగరంలో అస్సీసిపుర ఫ్రాన్సిసు వారి గుడి. యువ గురువు డాన్ బోస్కో పూజకు సిద్ధమవుతున్నారు. వస్త్రాల గదిలో మూలన ఒక కుర్రవాడు నిలబడి ఉన్నాడు. పేరు బార్తొలొమేయో గరెల్లి, తాపీ పని కుర్రవాడు. పూజలో సాయం చేయమని గుడి సేవకుడు అడిగాడు. రాదన్నాడు కుర్రవాడు. రానివాడివి ఇక్కడెందుకు అంటూ సేవకుడు దుమ్ము దులిపే కర్రతో కొట్టి తరిమాడు. డాన్ బోస్కో గారు అతడిని వెనక్కి పిలిపించారు.

పూజ తరువాత అతనితో మాట్లాడారు. తండ్రి లేడు, తల్లి లేదు. వయసు పదహారు. చదవడం రాదు, వ్రాయడం రాదు. జపాలు నేర్చుకోవడానికి ఎందుకు రావని అడిగితే, తనకన్నా చిన్నవాళ్లకు అన్నీ వచ్చు, వాళ్ల మధ్య ఏమీ రాని తాను కూర్చోవాలంటే సిగ్గు అన్నాడు. ప్రతి ప్రశ్నకూ ‘లేదు’, ‘రాదు’ అనే జవాబే. అప్పుడు డాన్ బోస్కో గారు, నీకు ఈల వేయడం వచ్చా అని అడిగారట. కుర్రవాడు నవ్వాడు. ఆ నవ్వుతో తలుపు తెరుచుకుంది. వేరుగా కూర్చోబెట్టి నేర్పితే వస్తావా అంటే, కొట్టకపోతే వస్తానన్నాడు. తరువాత అతని వెంట మరికొందరు చేరారు. లోకమంతా వ్యాపించిన సలేసియను యువజన సేవకు ఆ రోజునే తొలి రోజుగా చెప్పుకుంటారు.

ఇందులో మనకు పాఠమేమిటి? మొదటిది, తనకు ఏది రాదో చెప్పుకోవలసి వచ్చిన మనిషి ముడుచుకుపోతాడు. ఏది వచ్చో చెప్పే అవకాశమిస్తే విచ్చుకుంటాడు. మీ సంఘంలో పాట పాడలేని, వాక్యం గుర్తులేని, ఇంగ్లీషు రాని పిల్లవాడు ఉంటాడు. అతనికి బండి బాగుచేయడం వచ్చేమో, వంట వచ్చేమో, డప్పు కొట్టడం వచ్చేమో. ఎప్పుడైనా అడిగారా? రెండవది, సిగ్గును మనం చాలాసార్లు అశ్రద్ధ అనుకుంటాం. రాని కుర్రవానికి ‘భక్తి లేదు’ అని పేరు పెట్టేముందు, అతను ఏ మూల నిలబడి ఉన్నాడో చూడాలి.

ఇదే గురువు 1884 మే 10న రోము నుండి తన సహచరులకు ఒక లేఖ వ్రాశారు. పిల్లలను ప్రేమిస్తే చాలదు, తమను ప్రేమిస్తున్నారని ఆ పిల్లలకు తెలియాలి అన్నది దాని సారాంశం. ఆటస్థలంలో పిల్లల మధ్య ఉండవలసిన పెద్దలు దూరంగా నిలబడి తమలో తాము మాట్లాడుకుంటున్నారని ఆయన బాధ. మన సమావేశం ముగియగానే నాయకులంతా ఒక జట్టుగా, పిల్లలంతా మరో జట్టుగా నిలబడితే ఆ లేఖ మనకు కూడా వర్తిస్తుంది.

3. వినడం ఎలా?

వినడం అంటే నోరు మూసుకొని మన వంతు కోసం ఎదురుచూడడం కాదు. సొలొమోను రాజు దేవుని అడిగిన వరాన్ని రాజుల మొదటి గ్రంథం 3:9లో చూస్తాం. హెబ్రీ మూలంలో ఆ మాటకు ‘వినే హృదయం’ అని అర్థం. చెవులు అందరికీ ఉన్నాయి. వినే హృదయాన్ని మాత్రం అడిగి తెచ్చుకోవాలి, అభ్యాసం చేసి నిలుపుకోవాలి. అభ్యాసానికి కొన్ని సూచనలు:

(అ) సమానంగా కూర్చోండి. వారు చాపమీద, మీరు కుర్చీలో అయితే అది విచారణ అవుతుంది, సంభాషణ కాదు. సెల్‌ఫోన్ జేబులో పెట్టండి. మాట్లాడుతున్న మనిషి ఎదుట ఫోన్ చూడడమంటే ‘నీకన్నా ముఖ్యమైనవారు ఉన్నారు’ అని చెప్పడమే.

(ఆ) వాక్యం పూర్తి కానివ్వండి. యువత ముఖ్యమైన సంగతిని మొదట చెప్పదు. పరీక్షల గురించి, బస్సుల గురించి చెప్పి, లేచి వెళ్లబోతూ ‘అన్నా, ఇంకో మాట...’ అంటుంది. ఆ ‘ఇంకో మాట’ కోసమే అంతసేపు కూర్చున్నది. వారు మౌనంగా ఉంటే మీరు తొందరపడి ఆ మౌనాన్ని నింపకండి.

(ఇ) ‘ఎందుకు’ తగ్గించండి. ‘ఎందుకు రాలేదు?’ అంటే కోర్టు బోనులో నిలబెట్టినట్లుంటుంది. జవాబుగా సాకు వస్తుంది. ‘ఏం జరిగింది?’ అంటే కథ వస్తుంది.

(ఈ) విన్నది తిరిగి చెప్పండి. ‘అంటే, నీ బాధ ఉద్యోగం రాలేదని కాదు, ఇంట్లో తమ్ముడితో పోలుస్తున్నారని. అంతేనా?’ మీరు సరిగా అర్థం చేసుకుంటే అతని ముఖమే చెబుతుంది. పొరపాటు పడితే అతనే సరిదిద్దుతాడు. రెండు విధాలా లాభమే.

(ఉ) సలహాను ఆలస్యం చేయండి. ఒక అబ్బాయి ఇంటర్ తప్పాడనుకోండి. ‘ఏం ఫర్వాలేదు తమ్ముడూ, సప్లిమెంటరీ వ్రాసుకో. ఎంతమంది తప్పలేదు?’ అంటాం. మంచి మనసుతోనే అంటాం. కాని ఆ మాటతో సంభాషణ ముగిసిపోయింది! ఊళ్లో తలెత్తుకోలేకపోతున్నానని, నాన్న తెచ్చిన అప్పు గుర్తుకొస్తే నిద్ర పట్టడం లేదని అతను చెప్పవలసినది గొంతులోనే ఉండిపోయింది. దానికి బదులు ‘ఫలితాలు చూసినప్పటినుండి ఎలా ఉన్నావు?’ అని అడిగి ఊరుకోండి. సప్లిమెంటరీ సంగతి అతనికి కూడా తెలుసు. అతనికి కావలసింది పక్కన కూర్చునే మనిషి.

ఆలకించక ముందే జవాబు చెప్పడం అవివేకమని సామెతల గ్రంథం 18:13 హెచ్చరిస్తుంది. వినడానికి త్వరపడాలి, మాట్లాడడానికి నిదానించాలి అన్నది పునీత యాకోబు లేఖ 1:19లోని బోధ. నాయకులకు ఈ రెండు చాలు.

4. ఎత్తిపొడుపు మానాలి

మన ప్రాంతాల్లో ప్రేమను కూడా ఎత్తిపొడుపుతో చెప్పే అలవాటు ఉంది. మూడు వారాలుగా రాని అబ్బాయి గుడి మెట్లమీద కనబడగానే, ‘ఓహో, దొరవారు ఇటు దయచేశారే! దారి తప్పి వచ్చావా?’ అంటాం. చుట్టూ ఉన్నవారు నవ్వుతారు. అతను కూడా నవ్వుతాడు. వచ్చే వారం మాత్రం రాడు. తిరిగి వచ్చిన రోజే అవమానం జరిగితే, తిరిగి రావడమే తప్పని అతను నేర్చుకుంటాడు.

అదే అబ్బాయితో, ‘రా తమ్ముడూ, మూడు వారాలుగా నీ కోసం చూస్తున్నాం. ఇంట్లో అంతా బాగేనా?’ అని చూడండి. సంగతి ఒక్కటే. మూడు వారాలు రాలేదన్నది రెండింటిలోనూ ఉంది. మొదటి మాట గేటు మూసింది, రెండవది తెరిచింది.

మందలించవలసిన సమయాలు లేవా? ఉన్నాయి. డబ్బు లెక్క తప్పినపుడు, ఆడపిల్లలను వెక్కిరించినపుడు, కులం పేరెత్తి మాట్లాడినపుడు ఊరుకోవడం నాయకత్వం కాదు. అందరి ఎదుట ఒకరిని గాయపరచినవానిని అక్కడికక్కడే ఆపాలి. ‘ఇక్కడ ఆ మాట కుదరదు’ అని ఒక్క వాక్యంతో ఆపి, మిగిలినది విడిగా మాట్లాడాలి. మత్తయి సువార్త 18:15లో ప్రభువు చెప్పిన మొదటి మెట్టు అదే: తప్పు చేసిన సోదరునితో ఒంటరిగా మాట్లాడడం. విడిగా మాట్లాడేటప్పుడు చేసిన పనిని గూర్చి చెప్పండి, మనిషిని గూర్చి కాదు. ‘నీకు బాధ్యత లేదు’ అంటే తీర్పు. ‘శనివారం కుర్చీలు తెస్తానన్నావు, రాలేదు. పెద్దవాళ్లు గంటసేపు నిలబడ్డారు’ అంటే జరిగిన సంగతి. తీర్పుతో వాదించవచ్చు. జరిగిన సంగతితో వాదించలేరు.

5. సమావేశంలో అందరి గొంతు

చాలా సంఘాల్లో సమావేశమంటే నలుగురు మాట్లాడడం, పదహారుమంది తలలూపడం. ఆ నలుగురు ఎవరు? పట్నంలో చదివినవారు, ఉపదేశిగారి పిల్లలు, పాటల జట్టువారు. ఊరుకున్నవారెవరు? కూలికి పోయేవారు, ఆటో నడిపేవారు, వెనుక వరుసలోని ఆడపిల్లలు. వారికి చెప్పేదేమీ లేక కాదు, చెప్పే చోటు లేక.

బెల్జియం దేశపు గురువు జోసెఫ్ కార్డైన్ గారు ఫ్యాక్టరీల్లో పనిచేసే యువతతో ఈ చిక్కునే ఎదుర్కొన్నారు. పని గంటలు, జీతం, యజమాని మాటతీరు వంటి వారి రోజువారీ జీవితం నుండే ఆయన ప్రశ్నలు అడిగేవారు. చూడు, వివేచించు, ఆచరించు అనే మూడు మెట్ల పద్ధతి అలా రూపుదిద్దుకుంది. 1925లో ఆయన స్థాపించిన క్రైస్తవ యువ కార్మికుల ఉద్యమం ద్వారా అది దేశదేశాలకు ప్రాకింది. 23వ జాన్ పోపుగారు 1961లో ‘మాతెర్ ఎత్ మజిస్త్రా’ విశ్వలేఖలో ఈ మూడు మెట్లను సమర్థించారు. 1965లో కార్డైన్ గారు కార్డినల్ అయ్యారు.

దీనిని మీ సమావేశంలో ఇలా వాడవచ్చు. ‘మన వీధిలో యువకులు తాగుడుకు ఎందుకు లోబడుతున్నారు?’ అన్నది అంశమనుకోండి. మొదట ఉపన్యాసం వద్దు. చూడు: మన వీధిలో ఏం జరుగుతోందో ఒక్కొక్కరు తాము కళ్లారా చూసినది ఒకటి చెప్పాలి, పేర్లు చెప్పకుండా. వివేచించు: దీనికి కారణమేమిటి? సువార్త వెలుగులో ఇది ఎలా కనబడుతోంది? ఆచరించు: వచ్చే ఆదివారంలోగా మనం చేయగల ఒక చిన్న పని ఏమిటి? ఎవరు చేస్తారు?

ఇందుకు నాలుగు చిన్న ఏర్పాట్లు. వరుసలుగా కాక గుండ్రంగా కూర్చోండి. నలుగురేసి జట్లుగా పది నిమిషాలు మాట్లాడుకోనివ్వండి. ఇరవైమంది ఎదుట నోరు విప్పని అమ్మాయి ముగ్గురి ఎదుట విప్పుతుంది. ఒక్కసారి అందరి వంతూ అయ్యేవరకు ఎవరూ రెండవసారి మాట్లాడరాదని నియమం పెట్టండి. నాయకుడు చివర మాట్లాడాలి. నాయకుడు మొదట అభిప్రాయం చెబితే తరువాత వచ్చేవన్నీ ‘అన్న చెప్పినదే కరెక్టు’ అనే మాటలే.

యాసను గురించి ఒక మాట. శ్రీకాకుళం యాస, రాయలసీమ యాస, తెలంగాణ యాస అన్నీ తెలుగే. ఎవరి యాసనైనా అనుకరించి నవ్వించడాన్ని సరదాగా కూడా అనుమతించకండి. మాటను చూసి నవ్వితే మనిషిని చూసి నవ్వినట్లే.

6. చెప్పవలసినది సూటిగా

విన్న తరువాత చెప్పే వంతు వస్తుంది. ఇక్కడ కావలసింది స్పష్టత. ‘గుణదల మాత ఉత్సవాలకు వచ్చేవారు త్వరగా పేర్లు ఇవ్వవలెను. అందరూ తప్పక సహకరించగలరు’ అని ప్రకటిస్తాం. ఎవరికి ఇవ్వాలి? ఎప్పటిలోగా? ఎంత ఖర్చు? ఆడపిల్లలు రాత్రి ఎక్కడ ఉంటారు? ఏదీ లేదు. ఆ తరువాత ‘యువతకు ఉత్సాహం లేదు’ అని నిట్టూరుస్తాం.

గుణదల ఉత్సవాలు ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరుగుతాయని మనకు తెలుసు. కనుక జనవరిలోనే ఇలా చెప్పవచ్చు: ‘ఫిబ్రవరి 10 ఉదయం 6 గంటలకు గుడి ముందు నుండి వ్యాను బయలుదేరుతుంది. 11 రాత్రికి తిరిగి వస్తాం. మనిషికి ఇంత ఖర్చు. డబ్బు ఇబ్బంది ఉన్నవారు నాతో విడిగా చెప్పండి. ఆడపిల్లలతో సిస్టర్‌గారు ఉంటారు. జనవరి 25 లోగా కార్యదర్శికి పేరివ్వండి.’ ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎంత, ఎవరికి అనే ఐదు ప్రశ్నలకు జవాబుంటే ప్రకటన పూర్తయినట్లే. ఇందులో ‘విడిగా చెప్పండి’ అన్న మాట గమనించారా? డబ్బు లేనివాని గౌరవాన్ని ఆ ఒక్క మాట కాపాడుతుంది.

ఇప్పుడు దాదాపు ప్రతి సంఘానికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. ప్రకటనలకు అది ఉపకారమే. కాని రెండు జాగ్రత్తలు. గ్రూపులో ఎవరినీ మందలించకండి. నోటి మాట గాలికి పోతుంది, వ్రాసిన మాట పదిమంది ఫోన్లలో నిలిచిపోతుంది. అలాగే, పద్ధెనిమిదేళ్లలోపు పిల్లలతో రాత్రివేళ ఒంటరిగా చాటింగ్ చేయకండి. చెప్పవలసినది ఉంటే పగటివేళ, తల్లిదండ్రులకు తెలిసేలా చెప్పండి. ఇది పిల్లలకూ రక్షణ, మీకూ రక్షణ.

7. గురువులకూ యువతకూ మధ్య

నాయకుడు వంతెన వంటివాడు. అటు మాట ఇటు, ఇటు మాట అటు చెడకుండా చేరవేయాలి. యువత విసుగుతో ‘ఫాదర్‌గారు మాకు ఏదీ చేయనివ్వరు’ అంటే, ఆ మాటను అలాగే మోసుకెళ్లడం చాడీ అవుతుంది. అసలు చెప్పకపోవడం దాచడమవుతుంది. వారికి కావలసినదేమిటో తెలుసుకొని, ‘ఫాదర్‌గారూ, శనివారం సాయంత్రాలు హాలు తాళం మాకిస్తే పదో తరగతి పిల్లలకు చదువు చెబుతామంటున్నారు. శుభ్రం చేసే బాధ్యత మేం తీసుకుంటాం’ అని చెబితే, ఫిర్యాదు మనవిగా మారింది. అలాగే ఫాదర్‌గారి నిర్ణయాన్ని సంఘానికి చెప్పేటప్పుడు ‘నాకేం తెలియదు, ఆయనన్నారు’ అని చేతులు దులుపుకోకండి. కారణం కూడా అడిగి తెలుసుకొని చెప్పండి.

8. దాచకూడని మాటలు

ఇది ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం. మీరు మంచిగా వింటున్నారని తెలిసిన తరువాత ఏదో ఒక రోజు ఎవరో ఒకరు, ‘అన్నా, ఎవరికీ చెప్పనని ఒట్టు వేస్తే ఒక సంగతి చెబుతాను’ అంటారు. ఒట్టు వేయకండి. పాపసంకీర్తన రహస్యాన్ని కాపాడే నియమం గురువులది, మీది కాదు. ప్రేమగానే ఇలా చెప్పండి: ‘నీ సంగతి ఊళ్లో చెప్పుకోను. కాని నీ ప్రాణానికో, ఇంకెవరికో ప్రమాదముంటే మాత్రం సాయం చేయగలవారికి చెప్పవలసి వస్తుంది. అది కూడా నీకు చెప్పే చేస్తాను.’ చాలామంది ఈ మాట విన్న తరువాత కూడా చెబుతారు. ఎందుకంటే వారు వెదుకుతున్నది రహస్యం దాచేవారిని మాత్రమే కాదు, తమను కాపాడేవారిని.

చనిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే, లేక అలా ధ్వనించేలా మాట్లాడితే, సూటిగా అడగండి: ‘చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?’ అడగడంవల్ల లేని ఆలోచన పుట్టదు. ఉన్న భారం దిగుతుంది. ‘ఆత్మహత్య పాపం, తెలియదా?’ అని ప్రసంగం మొదలుపెట్టకండి. మునిగిపోతున్నవానికి ఈత పాఠం చెప్పరు కదా! ఒంటరిగా వదలకండి. ఇంట్లో నమ్మదగిన పెద్దవారికి తెలియజేయండి, డాక్టరు దగ్గరకు తోడు వెళ్లండి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవ నంబరు 14416. రాత్రింబగళ్లు ఉచితంగా, తెలుగులో మాట్లాడవచ్చు. పరీక్షా ఫలితాలు వచ్చే రోజుల్లో ఈ నంబరు మీ గుడి నోటీసు బోర్డుమీద ఉండాలి.

పద్ధెనిమిదేళ్లలోపు బిడ్డపై లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోలీసులకు తెలియజేయడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం విధి. తెలిసీ దాచడం నేరం. చేసినది ఎవరైనా సరే: బంధువైనా, పంతులైనా, సంఘ నాయకుడైనా, గుడికి సంబంధించినవారైనా. పిల్లల సహాయం కోసం 1098 నంబరు ఉంది. బిడ్డను పదే పదే అడిగి విసిగించకండి. మీరు దర్యాప్తు అధికారి కాదు. ‘నువ్వు చెప్పి మంచిపని చేశావు. తప్పు నీది కాదు’ అన్న రెండు మాటలు చెప్పి, చేయవలసినది వెంటనే చేయండి. సంఘం పరువు పోతుందని ఆలోచించేవారు ఎదురు కావచ్చు. బిడ్డను కాపాడని పరువు మనకు వద్దు.

ఆలోచించండి, చర్చించండి

1. మీ సంఘంలో గత మూడు సమావేశాల్లో ఒక్కసారైనా నోరు విప్పనివారు ఎవరు? వారికి ఏమి వచ్చో మీకు తెలుసా?

2. ఎమ్మావు బాటలోని ఐదు మెట్లలో మీ సంఘం ఏ మెట్టును ఎక్కువగా దాటవేస్తోంది?

3. సంఘానికి రావడం మానినవారిలో ఒకరిని తలచుకోండి. వారు తిరిగి వస్తే మొదటి మాట ఏమంటారు? ఆ వాక్యాన్ని ఇప్పుడే వ్రాసుకోండి.

ఈ వారం అభ్యాసం

ఒక యువకుడినో యువతినో ఎంచుకొని, అరగంట వారితో గడపండి. నడుస్తూ అయినా, టీ త్రాగుతూ అయినా సరే. ఆ అరగంటలో ఒక్క సలహా కూడా ఇవ్వరాదు. ప్రశ్నలు అడగవచ్చు, విన్నది తిరిగి చెప్పవచ్చు. ఇంటికి వచ్చి, వారిని గురించి కొత్తగా తెలిసిన మూడు సంగతులు కాగితంమీద వ్రాయండి. మూడు వ్రాయలేకపోతే, ఆ అరగంటలో ఎవరు ఎక్కువగా మాట్లాడారో గుర్తు చేసుకోండి. మరుసటి వారం ఇంకొకరితో అరగంట గడపండి.